చిత్రం అంచుల్లో వదిలేసిన మంచు

ఇబ్రహీంపట్నం నుంచి రావిర్యాల దగ్గరున్న ఆఫీసుకు మేమిద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఆమె నాకన్నా పదేళ్లు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. హిమాలయాల మీద శాటిలైట్ తీసిన చిత్రాల్లో మంచు ఎంతవరకు పరుచుకుందో గీత గీయడం మా పని. మంచును ఎన్నడూ కళ్లారా చూడనివాళ్లం, పొద్దంతా దాని చుట్టూ గీతలు గీసేవాళ్లం.

చేరిన కొత్తలో నాకు మబ్బుకూ మంచుకూ తేడా తెలిసేది కాదు. రెండూ తెల్లగానే ఉండేవి. అక్క నా పక్కకు కుర్చీ లాక్కుని, చిత్రం రంగులు మార్చి చూపింది. మంచు నీలంగా మారింది. మబ్బు తెల్లగానే ఉండిపోయింది.

"నీలంగ అయినది మంచు, కానిది మొగులు. గంతే" అంది.

నాకు పని వచ్చింది ఆ మాటతోనే. కొన్నేళ్లకు నన్ను సరిచూసే పనిలో పెట్టారు. అక్క గీసినవీ నా దగ్గరికే వచ్చేవి. వాటిలో దిద్దడానికి ఏమీ దొరికేది కాదు.

ఒక ఎండాకాలం నుంచి దొరకసాగింది. నడుమంతా ఎప్పటిలా శ్రద్ధగా గీసి, అంచుల్లో లోయలకు లోయలే వదిలేసేది. ఎడమవైపు మరీ ఎక్కువ. వాళ్ల అత్త మంచాన పడి ఉంది, ఇంట్లో నిద్ర ఉండడం లేదేమో అనుకున్నాను. తప్పులు ఎక్కువైతే మనిషిని తీసేస్తారు. అందుకని వదిలేసినవన్నీ నేనే గీసి పైకి పంపేదాన్ని. ఆమెకు మాత్రం చెప్పలేదు. పని నేర్పిన మనిషికి తప్పు చూపడం నా చేత కాలేదు. సాయం చేస్తున్నానన్న తృప్తి కూడా ఉండేది, దాచడమెందుకు.

అట్లా ఏడాది దాటింది. ఒక సాయంత్రం బస్సు దిగి రోడ్డు దాటుతుంటే, సగం దాటాక ఎడమవైపు నుంచి వచ్చిన స్కూటర్ ఆమెకు తగిలింది. మోచేయి గీసుకుపోయింది తప్ప పెద్ద దెబ్బేమీ కాదు. లేచి నిలబడి, "యాడికెళ్లి వచ్చింది గిది?" అని నన్నడిగింది. అది దూరం నుంచే కనబడుతూ వచ్చిన బండి. ఆమె వదిలేసిన లోయలు అప్పుడు నా కళ్ల ముందు కదిలాయి.

మరునాడు కంటి దవాఖానకు తీసుకుపోయాను. నీటికాసులు అంది డాక్టరమ్మ. నొప్పి ఉండదట. పక్కచూపు మెల్లమెల్లగా పోతుందట, ఎదురుగా ఉన్నది కనబడుతున్నంతకాలం మనిషికి తెలియనే తెలియదట. పోయిన చూపు తిరిగిరాదని చెప్పి చుక్కల మందు రాసిచ్చింది. ఏడాది ముందు వస్తే చాలావరకు నిలిపేవాళ్లమంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక నేను అంతా చెప్పేశాను.

"ఎన్నటి సంది?" అని అడిగింది చివరికి.

"పోయిన ఎండకాలం సంది, అక్కా. నీ కొలువు పోతదని చెప్పలే."

చేతిలోని మందుచీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

"కొలువు ఎట్లైనా పాయె" అంది. "నాకొక్క మాట చెప్పకపోతివి."

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

నెల తిరగకుండానే ఆమె పని మానేసింది. మందు వాడుతున్నా చూపు తగ్గుతూనే ఉందని బస్సులో ఎవరో చెప్పారు. రెండుసార్లు ఇంటికి పోయాను. చాయ్ పెట్టించింది, ఆఫీసులో అందరినీ పేరుపేరునా అడిగింది. ఆ ఏడాది సంగతి మాత్రం ఆమె ఎత్తలేదు, నాకు ధైర్యం రాలేదు. ఇప్పుడు ఎవరు ఏ అంచు వదిలేసినా పిలిచి చూపిస్తున్నాను. దాంతో ఆమెకు ఒరిగిందేమీ లేదు.

మూడోసారి పోయినప్పుడు ఆమె కూతురు గడపలోనే నిలబడి, అమ్మ పండుకుంది అంది. లోపలి నుంచి అక్క గొంతు, ఎవరొచ్చిన్రని అడిగింది. ఆ పిల్ల నా ముఖం చూస్తూనే, "ఎవరు లేరమ్మా" అంది.

నేను వెనక్కి తిరిగి బస్సు కోసం నడిచాను. ఆ తర్వాత ఆ ఇంటికి పోలేదు.