మంచివాటి డబ్బా

మా వియ్యంకుడుగారు పోయారు. ఆస్పత్రి నుంచి అల్లుడు ఫోన్ చేస్తే, మా అమ్మాయి బేస్‌మెంట్ మెట్ల మీదనుంచే చెప్పింది. "నాన్నా, మామయ్యగారు ఇంక లేరు." నా చేతిలో నూనెగుడ్డ ఉంది. చెయ్యి తుడుచుకుని పైకి వెళ్లాను. ఏడవలేదు. ఈ వయసులో అలసట ముందొస్తుంది, ఏడుపు తర్వాత.

ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఈ ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఆయన గుండె డాక్టరు. కొడుకు ఇంట్లో ఆయన, కూతురి ఇంట్లో నేను, ఇద్దరిదీ ఒకటే ఇల్లు. అందుకని నేనెరిగిన మనిషి వేరు. ఐదో క్లాసుతో బడి మాని, బతుకంతా లారీ షెడ్డులో గడిపినవాణ్ణి. రాతలో తప్పులుంటే మీరే దిద్దుకోండి.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన, డ్యూటీ దిగాక పిజ్జా కొట్లో నాణెం వేసి వీడియో గేములు ఆడేవారట. రిటైరయ్యాక అలాంటి పాత మిషన్లు కొని బేస్‌మెంట్‌లో పెట్టారు. మిషన్ ముందు బల్లలో బత్తాయంత బంతి సగం పైకి తేలి ఉంటుంది. ట్రాక్‌బాల్ అంటారు. అరచేత్తో దొర్లిస్తే కింద రెండు ఉక్కు రోలర్లు తిరుగుతాయి, తెరమీద చుక్క కదులుతుంది. రోలర్ అరిగితే చుక్క తడబడుతుంది. పాత సామాను కలగాపులగంగా పెట్టెల్లో వచ్చేది. ఏ రోలర్ ఏ మిషన్‌దో ఆయన పొడవు చూసి, చివర బేరింగ్ కూర్చునే చోటు చూసి చెప్పేసేవారు.

"కంటిని నమ్మకండి బావగారూ. గోరు పెట్టి లాగండి. అరిగుంటే గోరు ఆగుతుంది."

"లారీ యాక్సిల్ మార్చినోడికి ఈ పుల్ల గురించి చెప్తున్నారా?"

"యాక్సిల్ కంప్లెయింట్ చేయదు కదా. ఇది చేస్తుంది. స్లోగా తిప్పండి."

రెండు కాఫీ డబ్బాలుండేవి. ఒకటి అరిగినవాటికి, ఒకటి మంచివాటికి. నేను విసిరితే ఒప్పుకునేవారు కాదు. "పారేసేదైనా మెల్లగా పెట్టండి" అనేవారు.

పోయిన చలికాలం, ఆయనకు బాగా ఇష్టమైన మిషన్‌లో చుక్క వణకడం మొదలుపెట్టింది. విప్పాను. రోలర్ మీద గోరు పెట్టి లాగాను. ఎక్కడా ఆగలేదు. బిగించి నేను దొర్లిస్తే చుక్క గీత గీసినట్టు పోయింది. ఆయన చెయ్యి వెయ్యగానే వణికింది. అప్పుడు చూశాను ఆ చేతిని.

మాట మింగే అలవాటు నాకు లేదు. పెళ్లిచూపుల రోజే, కుర్రాడు బక్కగా ఉన్నాడండీ అని ఆయన మొహం మీద అన్నవాణ్ణి. ఆరోజు మాత్రం తప్పు రోలర్ మీదికి నెట్టాను.

"అరిగింది బావగారూ. మారుద్దాం."

ఆయన రోలర్ అందుకుని, గోరు పెట్టి నిదానంగా లాగారు. "కరెక్ట్. మార్చండి" అన్నారు.

చలికాలమంతా అదే పని. మారుస్తాం, వణుకుతుంది, మళ్లీ విప్పుతాం. తీసిన ప్రతి రోలర్‌నూ ఆయనే తీసుకెళ్లి డబ్బాలో పెట్టేవారు. ఒకసారి మా అమ్మాయి టీ తెచ్చి, "ఇంకా అవలేదా మీ ఇద్దరి రిపేరు?" అంది.

"మీ నాన్న మంచి డాక్టరమ్మా. పేషంటే మొండివాడు."

మిషన్‌ని అన్నారనుకుని నవ్వాను.

కర్మకాండ అయ్యాక కిందికి దిగాను. అరిగినవాటి డబ్బా పారేద్దామని తెరిచాను. మేం ఆ మిషన్‌లోంచి తీసినవి ఒక్కటీ అందులో లేవు. అన్నీ మంచివాటి డబ్బాలో ఉన్నాయి, మెత్తటి గుడ్డలో చుట్టి, పక్కపక్కన. ఆయన గోటికి మొదటిరోజే తెలిసింది. తెలిసే కరెక్ట్ అన్నారు, నా మాట పోనివ్వకుండా.

మిషన్ ఆన్ చేసి బంతిని దొర్లించాను. చుక్క ఎక్కడా వణక్కుండా తెర అంచుకి పోయి ఆగింది. కింద బంతి మాత్రం ఇంకా కొంతసేపు తిరిగింది.