ముందు సీటు, ఒకే బెల్టు

2007 ఫిబ్రవరి 11, ఆదివారం. కారులో ఉన్నవారు: స్టీరింగు దగ్గర మా అమ్మాయి, పక్క సీట్లో నేను, నా ఒళ్లో మూడేళ్ల మనవరాలు, ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు, వెనక మా ఆవిడ.

ఆనాటి డైరీ పేజీలో ఇంతే ఉంది. మిగతాది రాయడానికి ఆ రోజు ఓపిక లేకపోయింది.

సైనిక్‌పురిలో బంధువుల ఇంట్లో భోంచేసి వస్తున్నాం. తిరుమలగిరిలో సిగ్నలు దగ్గర ఆగితే ఒక వ్యాను వెనకనుంచి గుద్దింది. డిక్కీ సొట్టపోయింది. మాకెవరికీ దెబ్బ తగల్లేదు.

"ఏటండీ, ఏదో బెలూనుందన్నారు, విచ్చుకోలేదేటి?" అంది మా ఆవిడ. విజయనగరం వదిలి ముప్పై ఏళ్లయినా ఆవిడ మాట మారలేదు.

అమ్మాయికీ అదే కోపం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక, ఎయిర్‌బ్యాగులున్న మోడలే కావాలని పట్టుబట్టి కొన్న కారు. దగ్గర్లో తెరిచి ఉన్న మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లి, అక్కడి మేస్త్రీని నిలదీసింది.

"వెనకకెల్లి గుద్దితే ముందలి బ్యాగ్ ఎందుకు తెరుసుకుంటది మేడం? తెరుసుకోలే, మంచిగైంది. పరేషాన్ గాకుండ్రి."

తర్వాత నిదానంగా చెప్పాడు. బండి ముందునుంచి గట్టిగా గుద్దుకుంటే, ఆ వేగం ఒక్కసారిగా పడిపోవడాన్ని సెన్సారు కనిపెడుతుంది. వెంటనే లోపలున్న పేలుడు మందు అంటుకుని గ్యాసు పుడుతుంది. మడతపెట్టిన గుడ్డ సంచి రెప్పపాటులో ఉబ్బి, డ్యాష్‌బోర్డు మూతను చీల్చుకుని బయటికి వస్తుంది. మనిషి దానిమీద పడగానే గ్యాసు వదిలేసి మెత్తబడుతుంది. చిన్న తాకిళ్లకు తెరుచుకోదు. రైల్వేలో సిగ్నళ్ల పని చేసినవాణ్ణి కాబట్టి ఇంతవరకు నాకు సులువుగానే అర్థమైంది.

ముందు తలుపు తీసి చూసి మేస్త్రీ ఆగిపోయాడు. "ఈ దేవుణ్ణి గీడ ఎవరు పెట్టిన్రు?"

ఇత్తడి వినాయకుడు. వాహన పూజ నాడు నేనే స్కేలుతో కొలిచి, నా సీటుకు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద సరిగ్గా మధ్యలో వచ్చేటట్టు గమ్ముతో అంటించాను. కింద ఏవో ఇంగ్లీషు అక్షరాలుంటే, వాటిని కప్పేస్తే శుభ్రంగా ఉంటుందనుకున్నాను.

"గదే మూత సార్. సంచి వచ్చిందంటే ఈయన గుండు లెక్క వచ్చి మీకే తాకుతడు."

"దేవుడు మనల్ని కొడతాడేటి బాబూ?" అంది మా ఆవిడ.

"దేవుడు కొట్టడమ్మా. ఇత్తడి కొడుతది."

అమ్మాయి కూడా నవ్వింది. అతను నవ్వుతూనే అడిగాడు, "పాపను ఏడ కూసోబెడతరు?"

పాపే చెప్పింది, "తాత ఒళ్లో! ముందు!"

మేస్త్రీ నవ్వడం మానేశాడు. "వద్దు సార్. సంచి వచ్చే జోరుకు బిడ్డ ఆగదు. ఒక్క బెల్టుల ఇద్దరుంటే మీ బరువంత బిడ్డ మీదనే పడుతది. వెనక కూసోబెట్టుండ్రి, బెల్టు పెట్టుండ్రి."

రెండు నెలలుగా ఉదయాన్నే పద్మారావు నగర్ బడికి అలాగే తీసుకెళ్తున్నాం. నా ఎడమ మోకాలు మడత పడదు కనుక వెనక ఇరుకులో కూర్చోలేను. అందుకే ముందు సీటు. రోజులో పిల్ల నా దగ్గర నిలకడగా ఉండేది ఆ పావుగంటే. జారిపోకుండా బెల్టు ఇద్దరికీ చుట్టి, నా అంత జాగ్రత్త ఎవరికుందనుకున్నాను. డ్యాష్‌బోర్డుకూ పిల్ల నుదుటికీ మధ్య దూరం జానెడు. అక్కడే నిలబడి జాన వేసి చూశాను.

"నేనూ చూసుకోలేదు నాన్నా," అంది అమ్మాయి. ఇంటికి వచ్చేటప్పుడు పాప వెనక అమ్మమ్మ పక్కన కూర్చుంది. దారంతా ఏడ్చింది.

సోమవారం ఉదయం వాళ్ల అమ్మమ్మకు జలుబు, రాలేనంది. పిల్లను వెనక ఒక్కదాన్నే కూర్చోబెట్టడానికి మనసొప్పక, కాలు అడ్డంగా చాపి నేనే వెనక ఎక్కాను. పాప బెల్టులో బిగుసుకుని కూర్చుని, "ఏమీ కనపడట్లేదు తాతా," అని రెండుసార్లు అంది. బడి దగ్గరికి వచ్చేసరికి మోకాలు పట్టేసి దిగలేకపోయాను. అమ్మాయే లోపలికి తీసుకెళ్లింది. పిల్ల వెనక్కి తిరిగి చూసిందో లేదో, నేను కూర్చున్న చోటునుంచి కనపడలేదు.