నీరటి మడికే ముందు నీళ్లు

ఎల్లారెడ్డి నుంచి ఆటోలో వచ్చి మా ఊరి మలుపులో దిగితే మొదట కనబడేది అబ్రాహాము ఇల్లు. ఆయన మా చెరువుకు నీరటి. తూము తీయడం, ఏ మడికి ఎప్పుడు నీళ్లో చూడడం ఆయన పని. నీరటి మాటను ఊరంతా వినడానికి కారణం ఒక్కటే, తన మడికి నీళ్లు అందరికంటే చివర పెట్టుకుంటాడు. ఇది ఎక్కడా రాసి లేదు. ఆయన తండ్రీ అంతే, తాతా అంతే.

ఆయన బిడ్డ కృపాజ్యోతి. ఎల్లారెడ్డి సర్కారు బడిలో చదివి, కామారెడ్డిలో డిగ్రీ చేసి, అక్కడే దుకాణాల లెక్కలకు ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీలో కుదిరింది. బస్సులో తాను నిలబడి ముసలివాళ్లను కూర్చోబెట్టే పిల్ల. తండ్రికి మోకాళ్లు పట్టేసి ఇంటింటికీ తిరిగి వంతు చెప్పలేకపోతుంటే, ఈ యాసంగి పంట నుంచి ఆ పనిని ఫోన్లకు అప్పజెప్పింది. వంతుల ప్రోగ్రామును రస్ట్ అనే భాషలో రాసింది. ఇంటి గూట్లో పెట్టిన ల్యాప్‌టాప్ ఆగకుండా నడుస్తూ, ఎవరి వంతు వస్తే వారికి మెసేజ్ పంపేది.

వరి పొట్ట మీదున్న రోజులు. ఫోనులో ఏమొచ్చినా చూడకుండా అందరివీ అయ్యాకే తన మడికి నీళ్లు పెట్టుకునే అబ్రాహాము, ఆ శనివారం మందుల కోసం కామారెడ్డి పోయాడు. వంతు వచ్చిందని ఇంటి ఫోనుకు మెసేజ్ వచ్చింది. అందరివీ అయిపోయి ఉంటాయి, బిడ్డ పంపిందే కదా అనుకుని ఆయన భార్య పోయి కాలువ గట్టుకు ఉండే గండి, మడవను తీసి తమ మడికి నీళ్లు తిప్పింది. కాలువ కొసన ఉన్న మైసన్న మడి మాత్రం నెర్రెలు బారుతూనే ఉంది.

ఆదివారం ప్రార్థన ముగించుకొని కృపాజ్యోతి ఇల్లు చేరేసరికి మైసన్న, ఆయన భార్య లింగవ్వ అరుగు ముందు నిలబడి ఉన్నారు. మేమూ గోడ పక్కన చేరాం.

"అబ్రామన్నా, మీ బాపు బతికున్నప్పుడు గిట్ల జరిగిందా? నీ బిడ్డ కంప్యూటర్ల మీ మడిని ముందటికి జరిపింది" అన్నాడు మైసన్న.

అరుగు మీద కూర్చున్న అబ్రాహాము తల తిప్పాడు. ఆయన చూపు కూడా బిడ్డ మీదికే పోయింది. దేవుడి సాక్షిగా, మా అందరి చూపూ అంతే.

"ఒక్క నిమిషం చూడనీ కాకా" అని ఆమె ల్యాప్‌టాప్‌ను అరుగు మీదికి తెచ్చింది. నల్లటి తెర, దాని మీద అక్షరాలు. ఇంకేం లేదు.

"బ్యాంకు కంప్యూటర్ల బొమ్మలుంటయి. నీ దాంట్ల అంత చీకటెందుకున్నది బిడ్డా? దాచెటోళ్లదే గిట్లుంటది."

"ఇది పనిముట్టు కాకా. బొమ్మ నొక్కుడుండదు, మాట రాస్తే పని చేస్తది. గొడ్డలికి బొమ్మలుంటయా?"

"గొడ్డలి దెబ్బ ఏడ పడ్డదో కండ్లకు కనవడ్తది."

ఎండకు తెర కనబడక ఆమె కళ్లు చికిలించింది. లింగవ్వ కోపంగానే దగ్గరికి వచ్చి, తన కొంగు విప్పి తెర మీద నీడ పట్టింది. "మంచిగ చూడు. తప్పు దొరకాలె."

కృపాజ్యోతి 'కార్గో టెస్ట్' అని కొట్టింది. వరసలు గబగబా పైకి పోయాయి. "నేను రాసింది మంచిగున్నదా లేదా అని ఇది పరీక్ష పెడ్తది. చూడు కాకా, మీ మడి ముందున్నది. మాది ఆఖరుకున్నది."

"మరి నా ఫోనుకెందుకు రాలె? దీంట్ల ఒకటి, ఫోన్ల ఒకటా?"

ఆ మాటకు ఆమె మళ్లీ తెర మీదికి వంగింది. నడుస్తున్న ప్రోగ్రాము ఎప్పుడు తయారైందో వెతికింది. క్రిస్మస్‌కు ముందుది.

"తప్పు నాదే కాకా. మొదట తూము కాడి నుంచి వరుసగ రాసిన, తూము దగ్గరున్న మా మడి ముందుకొచ్చింది. మన మడి ఆఖరుకు పెట్టాలె అని క్రిస్మస్ అయినంక బాపు చెప్తే మార్చిన. టెస్ట్ కొట్టిన, మంచిగొచ్చింది, అయిపోయిందనుకున్న. బిల్డ్ కొట్టలె. బిల్డ్ కొడితేనే కొత్తది తయారైతది. ఇన్ని దినాలు పాతదే నడిచింది."

"మొలక కట్టి చూసినవ్ గని నారు పొయ్యలేదంటవ్" అంది లింగవ్వ.

"అంతే చిన్నమ్మా."

మైసన్న నమ్మలేదు. "మరుస్తే మరిసినవ్. ఆ మరుపు మీ మడికే ఎందుకు కలిసొచ్చె?"

ఆమె బిల్డ్ కొట్టి, పాతదాన్ని ఆపి కొత్తదాన్ని నడిపించింది. మైసన్న జేబులో ఫోను మోగింది. ఆయన తీసి చూడలేదు. "మీరు మోగిస్తే మోగుతది."

అబ్రాహాము గోడ పట్టుకొని లేచాడు. ఆయన మడి సగమే తడిసింది, ఆయన వరీ పొట్ట మీదే ఉంది. "పా మైసన్నా, పొలం కాడికి పోదాం. మా మడవ నువ్వే కట్టు."

బిడ్డ ఒక రెక్క పట్టుకుంది. మైసన్న రెండో రెక్క పట్టుకున్నాడు. ముగ్గురూ పొలం చేరారు. మైసన్న బురద తీసి అబ్రాహాము మడవ కట్టేశాడు. కాలువ కొసకు నీళ్లు చేరడానికి చాలాసేపు పట్టింది. నెర్రెల్లో నీళ్లు గుటగుటలాడుతూ దిగుతుంటే, మడి మూలమూలకూ తడి చేరేదాకా మైసన్న గట్టు దిగలేదు.

"మల్ల కంప్యూటర్ల మార్చేదుంటే?" అన్నాడు తిరిగి వచ్చేటప్పుడు.

"ఆదివారం వచ్చి టెస్టు, బిల్డు రెండూ మీ ముంగటనే కొడ్త కాకా."

"నాకు సమజ్ కాదు గద."

"చిన్నమ్మకు సమజైంది."

ఇప్పుడు ఆమె ఏం మార్చినా అరుగు మీదే. మైసన్న వచ్చి కూర్చుంటాడు, లింగవ్వ నీడ పడుతుంది. "టెస్టా, బిల్డా?" అని ఆయన అడుగుతాడు. రెండూ అయ్యాయని ఆమె చెప్పాక, అబ్రాహాము దిక్కు తిరిగి, "అన్నా, నువ్వు చెప్పు. మా వంతు ఎప్పుడు?" అంటాడు.