ఈరప్ప గొడుగు వద్దన్న రోజు

ఈరప్పకు ఒకచోట కుదురుగా కూర్చోవడం ఎప్పుడూ చేతకాదు. ఆ ఏడు ఆగస్టు వచ్చాక మరీ కాలు నిలవలేదు. సోమందేపల్లె దగ్గర, హైవే పక్కనే అతని నాలుగెకరాల వేరుశనగ చేను. చెనక్కాయ చెట్లు ఊడలు దిగి నేలలో కాయ కట్టే అదును. ఈ వారంలో ఒక్క పదును వాన పడితే కాయలు చేతికొస్తాయి, లేకుంటే పశువులకు ఎండుమేతే.

పదిహేనో తేదీన హిందూపురం నుంచి బామ్మర్ది గిరి, అతని భార్య జయంతి వచ్చారు. బడిలో జెండా వందనం అయ్యాక అందరూ కలిసి హైవే అవతల, గుట్ట కింది చింతతోపులో భోంచేయాలని అనుకున్నారు. ఈరప్ప భార్య మల్లీశ్వరి కోడి కూయకముందే లేచి పూర్ణం పెట్టి ఓళిగలు, చిత్రాన్నం, వంకాయ కూర చేసింది. ఆమె కోరిక ఒకటే. ఈ ఒక్కరోజైనా మొగుడు నలుగురితో కూర్చుని కడుపునిండా తినాలి.

గడప దాటకముందే పేచీ మొదలైంది. జయంతి చేతిలో గొడుగుంది.

"ఆడ పెట్టుమా దాన్ని! గొడుగును చూస్తే వచ్చే వాన గూడా రాదు," అన్నాడు ఈరప్ప. గిరి చంకలో ఉన్న టార్పాలిన్ పట్టను కూడా లాగి అటక మీదికి విసిరాడు.

"ఏం బావా, అలిగేదానికి వాన నీకు చుట్టమా?"

"చుట్టమైతే ఎప్పుడో వచ్చుండేదప్పా."

నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆ చుట్టుపక్కల మబ్బు పట్టిన రోజు గొడుగు ముట్టుకునే రైతు లేడు. నవ్వేవాళ్లకు చేను ఉండదు.

తోపులో ఈరప్ప విస్తరి ముందు ఇలా కూర్చుని అలా లేచాడు. మబ్బు గుట్ట మీదికి దిగుతోంది.

"దేవుడా, మేం తినేదాకా ఆగితే చాలు," అంది జయంతి.

"ఆ మాట వెనక్కి తీసుకోమా!" అని అరిచాడు ఈరప్ప. జయంతి మొహం మాడిపోయింది. మల్లీశ్వరికి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఒక్క ముద్దన్నా తినిపో," అందామె.

అంతలో వాన దబదబా దిగింది. ఓళిగలు నానిపోయాయి, చిత్రాన్నం నీళ్లలో తేలింది. తలా ఒక చెట్టు కిందికి పరుగెత్తారు, ఈరప్పను తిట్టుకుంటూ. అతను మాత్రం నడిమధ్యలో నిలబడి పసివాడిలా నవ్వాడు. ఆ నవ్వుతోనే చేను వైపు పరుగెత్తాడు.

హైవే దాటాక కాళ్ల కింద దుమ్ము లేచింది. చేను మీద ఒక్క చుక్క పడలేదు. వెనక గుట్ట దగ్గర వాన చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఓళిగల డబ్బాతో మల్లీశ్వరి తడిసి ముద్దై వచ్చింది. "ఈడ పడలేదా?"

ఈరప్ప తడిసిన తలగుడ్డ తీసి ఒక చెనక్కాయ చెట్టు మొదట్లో పిండాడు. ఆ కాస్త తడినీ నేల పీల్చేసింది. పక్క చెట్టు వైపు చూశాడు. తలగుడ్డలో ఇక నీళ్లు లేవు.

మల్లీశ్వరి డబ్బా గట్టు మీద పెట్టి, వచ్చి పక్కన కూర్చుని, తన చీర కొంగు ఆ పక్క చెట్టు మొదట్లో పిండింది.