ఇంకులోకి ఎక్కని పేరు

మా ఇంటి ఓనర్ అంకుల్ మార్చి చివర్లో, ఒక ఆదివారం ఉదయం ఆసుపత్రిలో పోయారు. బేస్‌బాల్ సీజన్ ఇంకా మొదలే కాలేదు. ఆంటీ బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడి "బాబూ, అంకుల్ ఇక లేరమ్మా" అన్నప్పుడు నేను పళ్ళు తోముకుంటున్నాను. నోటి నిండా నురుగుతో చావు కబురు విన్న మనిషి ఏం చేయాలో ఏ శాస్త్రంలోనూ రాసినట్టు లేదు. ఉమ్మాలో ఏడవాలో తేలక అలాగే నిలబడ్డాను.

ఆయనది తెనాలి. కెనడాలోని హాలిఫాక్స్‌లో ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున దిగి పది నిమిషాలు నడిస్తే వాళ్ళిల్లు. ముప్పయ్యేళ్ళు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. అక్కడి స్నేహితుడొకాయన ఆయనకు బేస్‌బాల్ స్కోరు రాయడం నేర్పాడు. బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతి ఆటగాడికీ ఒక చిన్న గడి, వాడు ఏం చేశాడో ఆ గడిలో ఒక గుర్తు. నేను చదువుకని హనుమకొండ నుంచి వాళ్ళ బేస్‌మెంట్‌లో దిగిన క్రికెట్ జీవిని. వచ్చిన వారంలోనే "ఇది మా గల్లీ క్రికెట్ లెక్కనే ఉంది అంకుల్" అని సెలవిచ్చాను. అయినా ఆయన నన్ను ఇల్లు ఖాళీ చేయించలేదు. ఆయన గొప్పతనానికి అదే నా మొదటి సాక్ష్యం.

అంకుల్ స్కోర్లు రాసుకునే నోట్‌బుక్ ఒకటుండేది, దాని వెనక పేజీల్లో గొప్ప ఆటగాళ్ళ జాబితా ఉండేది. ఇక సందేహం లేదనుకున్న పేర్లు ఇంకులో, మిగతావి పెన్సిల్‌తో. పెన్సిల్ మాసిపోతుంది కదా, అందుకని ఏటా మొదటి ఆట రోజున కూర్చుని, చిన్నపిల్లలు పలక మీద దిద్దినట్టు ఆ పేర్లన్నీ మళ్ళీ దిద్దేవారు. అప్పుడు ఫోన్ మోగినా ఎత్తేవారు కాదు.

మా ఇద్దరికీ యుద్ధం ఒక్క పేరు దగ్గరే. ఆ ఆటగాడు సీజనంతా మామూలువాడే. అక్టోబర్‌లో ప్లేఆఫ్స్, అంటే కప్పు తేల్చే ఆఖరి ఆటలు, రాగానే మాత్రం పూనకం వచ్చేది. చివరి ఇన్నింగ్స్, రెండు అవుట్లు, ఇంకొక్కటైతే ఆట ముగిసినట్టే, స్టేడియమంతా లేచి నిలబడిన వేళ, హోమ్ రన్ కొట్టి బంతిని జనంలోకి పంపేవాడు. అలా ఒకసారి కాదు, మూడు అక్టోబర్లు. ఇప్పుడు ఆట మానేశాడు. వాణ్ణి ఇంకులోకి ఎక్కించడమే నా జీవితాశయంగా పెట్టుకున్నాను.

"పెద్ద మ్యాచ్‌ల కొట్టినోడే మొనగాడు అంకుల్. మిగిలిందంతా ప్రాక్టీసే."

"మరి ఏప్రిల్ చలిలో వేళ్ళు కొంకర్లు పోతున్నా రోజూ ఆడినవాడు ఏం కావాలిరా?"

"స్వెటర్ వేసుకోవాలె."

వంటింట్లోంచి ఆంటీ నవ్వు వినిపించేది. అంకుల్ మాత్రం నవ్వేవారు కాదు. "నీ డిగ్రీ అంతా ప్లేఆఫ్సే కదా! సెమిస్టరంతా నిద్ర, ఆఖరి వారం హోమ్ రన్. వాడంటే నీకంత ప్రేమ ఎందుకో నాకు తెలీదనుకున్నావా?"

"అయితే వాణ్ణి పెన్సిల్ల ఉంచి అవమానిస్తరా?"

"అవమానం కాదురా. ఇంకా చూస్తున్నానని."

వేసవిలో నన్ను దగ్గరున్న మైదానానికి తీసుకెళ్ళేవారు. ప్లంబర్లు, టీచర్లు ఆడే చిన్న లీగ్. దానికీ ప్లేఆఫ్స్ ఉండేవి. ఒక ఆగస్టు సాయంత్రం ఆఖరి ఇన్నింగ్స్‌లో హార్బర్ మీదుగా పొగమంచు వచ్చింది. మొదట నీళ్ళు కనబడకుండా పోయాయి, తర్వాత రోడ్డు, తర్వాత స్కోర్‌బోర్డు. పగలు మా వీధిలో ఉత్తరాలు పంచే ఆయన బంతిని బలంగా కొట్టాడు. అది లేచి ఆ తెల్లదనంలోకి వెళ్ళిపోయింది. ఫీల్డర్లు తలలెత్తి, చేతులు చాచి నిలబడ్డారు. పడిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు.

"రాయండి అంకుల్, హోమ్ రనే!"

"ఉండరా. ఇంకా దిగలేదు."

అంపైర్ చేతులు ఊపి ఆట ఆపేశాడు. ఆ బంతి సంగతి మాకు తెలియకుండానే ఇంటికి నడిచాం.

సంస్మరణ సభలో అందరూ ఒకే కథ చెప్పారు. కొన్నేళ్ళ క్రితం మంచు తుఫానులో దారులన్నీ మూసుకుపోతే, నొప్పులు పడుతున్న ఒకమ్మాయిని అంకుల్ మంచు తోసే బండి వెనకే కారు నడుపుతూ ఆసుపత్రికి చేర్చారు. మొదటి వక్త చెప్పినప్పుడు మంచు అడుగు లోతు. నాలుగో ఆయన దగ్గరికొచ్చేసరికి అది మనిషి ఎత్తయింది. అది అంకుల్ అక్టోబర్ అన్నమాట. నా సిద్ధాంతానికి ఇంతకంటే మంచి రుజువు దొరకదని నేనూ అదే కథ, రెండు జోకులతో సహా, కాగితం మీద రాసుకెళ్ళాను.

మైకు ముందు నిలబడ్డాక నా గది కిటికీ గుర్తొచ్చింది. బేస్‌మెంట్ కిటికీ నేలకు ఆనుకుని ఉంటుంది. మంచు పడితే పూడిపోయి, గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు నీలంగా మారేది. అంకుల్ కారు కంటే ముందు, మెట్ల కంటే ముందు, ఆ కిటికీ దగ్గరి మంచు తీసేవారు. నిద్రలోనే పార గీసిన చప్పుడు వినబడేది. తర్వాత ఒక బూటు కనబడేది. చివరికి గ్లవుజు వేసుకున్న చెయ్యి అద్దం మీద రెండుసార్లు తట్టేది, ఆ వెనకే వెలుతురు. రెండు చలికాలాలు అలా జరిగింది. నేను ఒక్కరోజు కూడా లేవలేదు. కళ్ళలో పడుతోందని దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి.

"అంకుల్ నాకు రోజూ వెలుతురు తవ్వి ఇచ్చేవారు" అని మాత్రం అని దిగిపోయాను. జోకులు జేబులోనే ఉండిపోయాయి. ముందు వరసలో, ఆ తుఫాను రోజున పుట్టిన పాప కాళ్ళూపుతూ చిప్స్ తింటోంది. ఆ పాపకు ఆ ఒక్క రోజు చాలు. అదీ నిజమే.

అందరూ వెళ్ళాక ఆంటీ నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. లోపల ఒక పెన్ను, ఒక పొట్టి పెన్సిల్. "ఆసుపత్రిలో ఉన్నప్పుడు అంకులే చెప్పారు బాబూ. 'వాడి హీరో సంగతి వాడే తేల్చుకుంటాడు, వాడికిచ్చెయ్' అని."

సీజన్ మొదటి ఆట మధ్యాహ్నం పైన ఆంటీ టీవీ పెట్టారు. నేను కింద కిటికీ దగ్గర కూర్చుని పెన్ను మూత తీశాను. రెండేళ్ళు పోరాడింది దీనికోసమే. అడ్డు చెప్పేవారు కూడా లేరు. ఆ పేరు మీద వేలు పెడితే కాగితం గాడిపడి ఉంది. ఇంకులో ఉన్న పేర్లు నున్నగా ఉన్నాయి, ఒకసారి రాశాక అంకుల్ మళ్ళీ వాటి జోలికి పోలేదు. ఒప్పుకోని ఈ పేరును మాత్రం ఏటా, ఫోన్ కూడా ఎత్తకుండా, అక్షరం అక్షరం దిద్దుకుంటూ వచ్చారు.

పెన్ను మూత పెట్టేశాను. పెన్సిల్ చెక్కి, ఆయన గీతల మీదే నెమ్మదిగా దిద్దాను. ఓడిపోయాను అంకుల్. ఈ ఏడాదికి మాత్రమే.

తర్వాత ముందు పేజీలు తిప్పుతుంటే పొగమంచు రోజు ఆట కనిపించింది. గడులన్నీ నిండి ఉన్నాయి, చివరిదొక్కటే ఖాళీ. అందులో గుర్తేమీ లేదు. ఆయన తల పైకెత్తి చూస్తున్నంతసేపూ పెన్సిల్ మొన ఆనిన చోట, ఒక చిన్న నల్లటి చుక్క ఉంది.