ధనకోటి ఏడో కావడి

నా భార్య ధనకోటి నాతోపాటే ఇటుకల బట్టీలో కూలి. తల మీద పన్నెండు ఇటుకలు పెట్టుకుని నడిస్తే మెడ కదిలేది కాదు. ఏడేళ్ల కిందట ఆమెకు గర్భసంచి జారింది. నాకు చెప్పలేదు. పాత చీర చింపి గోచీలా బిగించి కట్టుకుని పనికి వచ్చేది. నయం కావాలని, ఏడేళ్లు భుజాన పూల కావడి మోసుకొస్తానని తిరుత్తణి కొండ మీది మురుగయ్యకు మొక్కుకుంది. ఏటా వానల్లో వచ్చే ఆడి కృత్తిక పండక్కి ఆ బరువుతో మెట్లన్నీ ఎక్కేది. ఎక్కినప్పుడల్లా సంచి మరికాస్త కిందికి దిగిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఆరో ఏడు సగం మెట్ల దగ్గర కూలబడింది. అప్పుడు నోరు విప్పింది.

"సామికి చెప్పుకున్నా. నీకు చెప్పాలంటే సిగ్గయింది మామా."

ఎలాగో ఆ కావడి పూర్తి చేసింది. పొంగలు పండగ దాటాకగానీ తిరువళ్లూరు ఆసుపత్రికి రాలేదు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. లోపల రింగు పెట్టి సంచిని నిలపొచ్చు, అప్పుడప్పుడు తీసి శుభ్రం చేయాలి. లేదంటే కింది నుంచే ఆపరేషన్ చేసి సంచి తీసేసి, వదులైన గోడలు కుట్టొచ్చు. సంచి ఉంచుకోవాలంటే పైకి లాగి కుట్టే దారీ ఉంది. ఆపరేషన్ అయ్యాక మాత్రం బరువులు మోయకూడదు.

ధనకోటి ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. ఇంకొక్క కావడి ఉందని, అది మోసి వచ్చాకే కోయించుకుంటానని మొండికేసింది.

తిరుగు బస్సులో నా భుజం మీద నిద్రపోయింది. కిటికీ అవతల చేల మీద ఎండ నీళ్లలా కదులుతోంది. లేచి, కల వచ్చిందని చెప్పింది. కొండ మెట్లు గాలిలో తేలుతున్నాయట, తాను నెమలీకంత తేలికగా పైకి పోతోందట. చేతుల్లో కావడి ఉందా అని అడిగాను. గుర్తు లేదంది.

"మొక్కు నీది. ఈ తూరి మోసేది నేను," అన్నాను.

"ఇటుకలు మోసినట్టు మోస్తే సామి కొండ దిగి పారిపోతాడు."

"పూలు కట్టేది నువ్వే గదా."

ఏయే పూలు కావాలో వేళ్ల మీద లెక్క మొదలెట్టింది.

శివరాత్రి వచ్చే మాసి నెలలో సంచి తీసేశారు. ఆడి కృత్తిక నాటికి గాయం మానింది. కావడికి పూలన్నీ తానే కట్టింది. సన్నటి చినుకుల్లో నేను ముందు నడిచాను, ఆమె ఉత్త చేతులతో వెనక. నిరుడు కూలబడిన మెట్టు దగ్గర నిలబడింది. నేనూ ఆగాను. కళ్లు మూసుకుని తన ఒంట్లోకి తాను తొంగిచూసుకుంటున్నట్టు ఉండిపోయింది.

"ఏమీ జారలా మామా," అంది. "పద."