ముళ్లకోటను ఒక్కడే దాటినవాడు

అనంతపురం చుట్టుపక్కల బోర్లు ఎండే కొద్దీ షఫీవుల్లా అంగడికి గిరాకీ పెరుగుతుంది. నీళ్లు లేక ఉత్తగా తిరిగి కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం అతని పని. చేయి దేవుడిచ్చినది. నోరు మాత్రం తనకు తానే ఇచ్చుకున్నాడు. మోటారు తీసుకుపోయే ప్రతి రైతూ దానితోపాటు ఒక కథను కూడా మోసుకుపోవలసిందే.

పదిహేనేళ్ల వయసులో, టవర్ క్లాక్ దగ్గరి వీడియో గేముల అంగడిలో, ముళ్లకోట అనే ఆటను చివరిదాకా గెలిచింది ఊరు మొత్తానికి తానొక్కడేనన్నది ఆ కథ. వేలెడంత బొమ్మమనిషి ముళ్ల మీద నుంచి, నిప్పుల మీద నుంచి ఎగిరి దూకాలి. వెంట్రుకవాసి తప్పితే చావే, మళ్లీ మొదటికే. ఎనిమిదో స్టేజి దాటగానే ఆట తిరిగి ఒకటో స్టేజికి వచ్చింది. అంగడాయన గోడ మీద బొగ్గుతో షఫీవుల్లా పేరు రాశాడు. ఆ అంగడి పోయింది, గోడా పోయింది. పేరును మాత్రం ఇతను ముప్పై ఏళ్లుగా మోస్తున్నాడు. తన పెళ్లి గురించి కూడా అంత గర్వంగా ఎన్నడూ చెప్పలేదు.

మొన్న వేసవిలో ఆ ఆటనే మళ్లీ విడుదల చేశారు. పడితే కాస్త వెనక్కి తిప్పుకుని మళ్లీ దూకే బొత్తాం ఒకటి కొత్తగా పెట్టారు. కాలేజీలో చదివే కూతురు ఫరీన్ దాన్ని లాప్‌టాప్‌లో వేసి, వైరుతో టీవీకి తగిలించింది.

"ఆ బొత్తాం నొక్కేదానికన్నా గమ్మున కూచునేది మేలు," అన్నాడు షఫీవుల్లా.

భార్య ముంతాజ్ ఆ బొత్తాం జోలికే పోలేదు. జాకెట్లకు మగ్గం పని చేసే మనిషి. పూసలు లెక్కపెట్టినట్టే పెదవుల మీద ఒకటి, రెండు, మూడు అనుకుంటూ దూకించేది. రోజూ అన్నం తిన్నాక ఒక గంట. నెల తిరిగేసరికి ఎనిమిదో స్టేజి దాటేసింది.

ఆట ఒకటికి రాలేదు. తొమ్మిది వచ్చింది.

"ఇది ఇప్పుడు అతికించినారు," అన్నాడు షఫీవుల్లా.

"లేదు నాయనా. మొదటి నుంచీ పన్నెండే. నువ్వు ఆడింది దొంగ క్యాసెట్టు. నాలుగు కోసేసినారు," అంది ఫరీన్.

"అంటే మీ నాయన ముప్పై ఏండ్లుగా సగం దోవలో నిలబడి ఊరు చేరినా అంటాండాడా?" అంది ముంతాజ్, తెర మీది నుంచి కన్ను తిప్పకుండా.

ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు. పక్కింటి వెంకటలక్ష్మమ్మ వచ్చి కూర్చుని, "ఏం దూకిస్తాందమ్మా మా ముంతాజు!" అంటే ఒళ్లు మండేది. పరాయివాడు గెలిస్తే వాడి వీధి వైపు పోకుండా బతకవచ్చు. పెళ్లామే గెలిస్తే ఎక్కడికి పోతాడు? అన్నం ఆమే పెట్టాలి.

ఆదివారం మధ్యాహ్నం ముంతాజ్ పన్నెండో స్టేజి చివరి మెట్ల దాకా వచ్చింది. షఫీవుల్లా మెల్లగా వరండాలోకి వెళ్లి ఫ్యూజు పీకేశాడు. ఫ్యాను ఆగింది. టీవీ నల్లబడింది. పీడ వదిలిందనుకున్నాడు. ఫ్యూజు పీకితే చచ్చే మోటార్లతోనే బతికినవాడికి, లాప్‌టాప్ కడుపులో బ్యాటరీ ఉంటుందని తట్టలేదు. ముంతాజ్ లాప్‌టాప్ తెర చూస్తూ ఆడుతూనే ఉంది, లోపల టకటక ఆగనే లేదు.

లోపల కూర్చుని ఆట చూస్తున్న వెంకటలక్ష్మమ్మ బయటికొచ్చి తన ఇంటి వైపు చూసింది. "మా ఫ్యాను తిరుగుతానే ఉండాదే! ఏమప్పా షఫీ, చేతిలో అదేంది?"

"ఫ్యూజు... వదులైంటే చూస్తాండా."

"వదులైంది ఫ్యూజు కాదులే అక్కా," లోపలి నుంచి ముంతాజ్ కేక. "దాన్ని పెట్టమను. చెమటకి చెయ్యి జారతాంది."

పెట్టాడు. టీవీ వెలిగేసరికి బొమ్మమనిషి కోట తలుపు తీసుకుని లోపలికి పోయి, మంచం మీద వాలి కళ్లు మూసుకున్నాడు. ఆ కోటలో మంచం ఉందని షఫీవుల్లాకు అంతవరకు తెలియదు.

వెంకటలక్ష్మమ్మ చప్పట్లు కొడుతుండగానే ముంతాజ్ చేతిలోని ఆట రిమోట్ లాక్కున్నాడు. తొమ్మిది నుంచి మొదలుపెట్టాడు. పడ్డాడు. పదకొండు సార్లు పడ్డాడు.

"ఆ వెనక్కి తిప్పేది నొక్కు నాయనా," అంది ఫరీన్.

"ముట్టొద్దు!"

ముంతాజ్ అప్పటికే మగ్గం ముందు కూర్చుని పూసలు ఎక్కిస్తోంది. అతను పడ్డ ప్రతిసారీ టీవీ గట్టిగా మూలిగింది. ఆమె ఒక్కసారీ తల ఎత్తలేదు. నవ్వి ఉంటే అతనికి అంత మండేది కాదు.